సూదికీ దారానికీ ఒక పుస్తకం



మన ఇళ్ళల్లో పాల లెక్కకు గోడమీద క్యాలెండరు ఉంటుంది. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉంటుంది. మహిళా సంఘంలో ఉన్నవాళ్ళకైతే పొదుపు పుస్తకం, అప్పు పుస్తకం, తీర్మానాల పుస్తకం, ఇన్ని ఉంటాయి. ఇన్నింటికి పుస్తకాలు పెట్టుకున్న మనం, రోజూ చేతపట్టే సూదికీ దారానికీ మాత్రం ఏ పుస్తకమూ పెట్టుకోలేదు. "దానికి పుస్తకం ఏమిటమ్మా, అంతా మనసులోనే ఉంటుంది" అంటాం. మనసులో ఉన్న లెక్క ఎంత నికరమో ముందుగా నా సంగతే చెబుతాను.

నాకు పెళ్ళయిన కొత్తలో ఒక టేబుల్ క్లాత్ మొదలుపెట్టాను. తెల్లటి కేస్‌మెంట్ గుడ్డ, నాలుగు మూలలా మోదుగుపూల గుత్తులు. మూడు మూలలు అయ్యేసరికి దారం అయిపోయింది. దారపు కట్టకు చుట్టి ఉండే కాగితం మీద రంగు నంబరు ఉంటుంది కదా, ఆ కాగితాన్ని నేను మొదటిరోజే చింపి పారేశాను. కొట్టుకు పోయి "మోదుగుపువ్వు ఎరుపు" అని అడిగితే, కొట్టాయన ఏడెనిమిది ఎరుపులు తీసి బల్లమీద పరిచాడు. దీపం వెలుగులో ఏదో ఒకటి ఏరి తెచ్చుకున్నాను. మర్నాడు ఎండలో చూస్తే అది మోదుగ కాదు, దాసాని. దాంతో చేయి ఆడక పక్కన పెట్టాను. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. మూడు మూలల టేబుల్ క్లాత్ పెట్టె అడుగున ఉండిపోయింది.

మీ పెట్టెల అడుగున ఇలాంటివి లేవంటారా? ఒక్కసారి తీసి చూడండి. సగం కుట్టిన దిండు గలీబు, ఒక చేతికే అద్దాలు కుట్టిన రవిక, ఒకే పచ్చరంగు దారం మూడు చోట్ల మూడు కట్టలు, ఎవరి కొలతో తెలియని ఒక కాగితం ముక్క. చేతగాక కాదు, రాసుకోక ఆగిపోయినవి ఇవన్నీ. అందుకని ఈవేళ కుట్టుపని పుస్తకం ఎలా పెట్టుకోవాలో, దానివల్ల మనకు ఏం ఒరుగుతుందో మాట్లాడుకుందాం.

నేనుండేది జనగామలో. నా స్నేహితురాలొకామెది మహబూబాబాద్ దగ్గర తండా. పాత అలవాటుకొద్దీ ఆ ఊరిని మేం మానుకోట అనే అంటాం. మా మరదలు భూపాలపల్లిలో ఉంటుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడు ఊళ్ళూ వరంగల్ జిల్లాలోవే. ఇప్పుడు జిల్లాలు మూడైనా, మా ముగ్గురి సూదులు ఒకటే. పనులు మాత్రం వేరువేరు. వాళ్ళ దగ్గర చూసి నేర్చుకున్నవి కూడా కలిపి చెబుతాను.

ఎలాంటి పుస్తకం?

ఖరీదైనది అక్కర్లేదు. పిల్లలు బడికి వాడే రెండువందల పేజీల పెద్ద నోటుబుక్కు, గట్టి అట్ట ఉన్నది చాలు. దారాలూ గుడ్డముక్కలూ అతికిస్తాం కాబట్టి పుస్తకం ఉబ్బుతుంది. అందుకని మూడు నాలుగు కాగితాలకు ఒకటి చొప్పున కత్తిరించి తీసెయ్యండి. మొదలంటా చింపకండి, బొటనవేలంత అంచు ఉంచి కత్తిరించండి. అప్పుడు పుస్తకం కుట్టు వదలదు. తర్వాత అన్ని పేజీలకూ నంబర్లు వెయ్యండి. మొదటి రెండు పేజీలు విషయసూచికకు వదలండి. మిగతాది అయిదు భాగాలు చెయ్యండి: ఇంట్లో ఉన్న సామాను, చేస్తున్న పనులు, కొలతలు, కుట్ల నమూనాలు, చివరగా లెక్క. ఒక్కొక్క భాగం మొదట్లో ఒక రంగు గుడ్డముక్క చెవిలాగా బయటికి కనపడేట్టు అతికిస్తే, వంటచేతులతో వెతకనక్కర లేకుండా పేజీ దొరుకుతుంది.

ఇంట్లో ఏమున్నదో ముందు తెలియాలి

ఒక పూట తీరిక చేసుకుని డబ్బాలన్నీ నడింట్లో గుమ్మరించండి. దారాలతో మొదలుపెట్టండి. ఒక్కొక్క రంగు దారం వేలెడు ముక్క కత్తిరించి పేజీమీద అతికించండి. పక్కన కంపెనీ పేరు, నంబరు, ఎన్ని కట్టలున్నాయి, ఏ డబ్బాలో ఉన్నాయి అని రాయండి. బిస్కెట్ల డబ్బాలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తే మరీ సులువు. కాగితం పోయిన దారాలకు నంబరు ఉండదు. ఉండకపోయినా నష్టం లేదు, ముక్క ఉంది కదా. కొట్టుకు పోయేటప్పుడు ఆ పేజీ పట్టుకుపోతే పగటి వెలుగులో సరిచూసుకోవచ్చు.

ఎంబ్రాయిడరీ దారపు కట్ట మామూలుగా ఎనిమిది మీటర్లు ఉంటుంది. అందులో ఆరు పోగులుంటాయి. మనం రెండేసి పోగులు తీసి కుడితే, ఒక కట్ట ఇరవైనాలుగు మీటర్ల దారం అవుతుంది. మూడేసి పోగులైతే పదహారు మీటర్లే. ఈ చిన్న లెక్క తెలిస్తే చాలా మేలు. మొదటి మూల కుట్టేటప్పుడు ఎంత దారం పట్టిందో రాసుకుంటే, మిగతా మూడు మూలలకు ఎన్ని కట్టలు కావాలో అప్పుడే తేలిపోతుంది. కావలసినదంతా ఒకేసారి కొనుక్కోవాలి. ఎందుకంటే నంబరు ఒకటే అయినా, వేరువేరు సార్లు అద్దిన దారాల్లో రంగు కొద్దిగా తేడా రావచ్చు. కట్టల్లో చూస్తే ఆ తేడా తెలియదు. తెల్లగుడ్డమీద పక్కపక్కన కుట్టాక మాత్రం అందరికీ తెలుస్తుంది.

సూదుల దగ్గర చాలామందిమి పొరపడతాం. చేతికుట్టు సూదికి నంబరు పెరిగినకొద్దీ సూది సన్నమవుతుంది. మిషను సూదికి నంబరు పెరిగినకొద్దీ సూది లావవుతుంది. అంటే చేతిసూది పదో నంబరు సన్నం, అయిదో నంబరు లావు. మిషనుకు పదకొండో నంబరు పల్చని గుడ్డలకు, పద్నాలుగు మామూలు నూలుగుడ్డలకు, పదహారు, పద్దెనిమిది మందపాటి వాటికి. ఈ రెండు వరసలూ సామాను పేజీలో పైనే రాసిపెట్టుకోండి. మిషను సూది ఎప్పుడు మార్చారో, నూనె ఎప్పుడు వేశారో కూడా అక్కడే తేదీ వెయ్యండి. కుట్లు తప్పిపోతున్నాయని మిషనును తిట్టుకునే ముందు ఆ తేదీ చూసుకుంటే, చాలాసార్లు తప్పు మొద్దుబారిన సూదిదేనని తెలుస్తుంది.

గుడ్డలకు కూడా ఇదే పద్ధతి. రెండు వేళ్ళ వెడల్పు ముక్క అతికించి, పక్కన పన్నా ఎంత, పొడుగు ఎంత, ఎప్పుడు కొన్నారు, ఎంత పడింది అని రాయండి. నూలుగుడ్డ అయితే తడిపి ఆరేసే ముందు ఒక కొలత, ఆరిన తర్వాత ఒక కొలత. నూరు సెంటీమీటర్ల ముక్క తొంభై ఆరుకు వచ్చిందనుకోండి, అదే రకం గుడ్డ మళ్ళీ కొన్నప్పుడు ఆ నాలుగూ ముందే కలిపి తీసుకుంటాం. ముదురు ఎరుపు, ముదురు నీలం దారాలను ఒక తెల్ల తడిగుడ్డలో నొక్కి చూసి, రంగు దిగిందా లేదా రాయాలి. రాసుకోకపోతే ఒక్క ఉతుకుతో నెల రోజుల పని గులాబీరంగు తిరుగుతుంది.

కొలతకు తేదీ ఉండాలి

మా ఎదురింటి వదిన రవికలు కుడుతుంది. బతుకమ్మ పండుగ ముందర ఆమె ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు. ఇదివరకు ఆమె కొలతలన్నీ సిగరెట్టు అట్టల మీద, పెళ్ళిపత్రికల వెనకాల రాసేది. ఒకసారి ఒకామె వచ్చి, "నేను మీటరు గుడ్డ ఇచ్చిన, మిగిలిన ముక్క ఏది?" అని నిలదీసింది. ఇచ్చింది ఎనభై సెంటీమీటర్లేనని వదినకు తెలుసు. తెలిసి ఏం లాభం, చేతిలో కాగితం లేదు. మాటకు మాట పెరిగింది. ఎన్నాళ్ళుగానో ఉన్న రాకపోకలు ఆ గుడ్డముక్క దగ్గర ఆగిపోయాయి.

ఇప్పుడు వదిన దగ్గర పుస్తకం ఉంది. గుడ్డ తీసుకోగానే, ఇచ్చినామె ఎదురుగానే కొలిచి రాస్తుంది. గుడ్డ ఎంత, లైనింగు ఉందా లేదా, ఏ తారీఖుకు ఇవ్వాలి, ముందు ఎంత ఇచ్చారు, ఇంకా ఎంత రావాలి. గుడ్డముక్క కూడా అంటిస్తుంది. అందరి ఎదుటా రాసిన మాటమీద ఎవరికీ అనుమానం రాదు. ఆమెకు పైసలు మిగిలాయో లేదో తర్వాత సంగతి, ముందు మనుషులు మిగిలారు.

ఇంట్లోవాళ్ళ కొలతలకు కూడా ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ కేటాయించండి. కొలత రాసిన ప్రతిసారీ తేదీ వెయ్యాలి. తేదీ లేని కొలత తప్పుడు కొలతతో సమానం. పిల్లలు ఆరు నెలల్లో ఎదుగుతారు, మనం ఆరు నెలల్లో ఒళ్ళు చేస్తాం. పాతది కొట్టెయ్యకుండా కింద కొత్తది రాయండి. పిల్ల ఏడాదికి ఎంత పొడుగైందో ఆ పేజీయే చెబుతుంది. లంగా అంచు లోపలికి ఎంత మడిచి కుడితే రెండేళ్ళు వస్తుందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఎక్కడ ఆపాను?

భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల ఊరు. అక్కడి ఇళ్ళలో గడియారం కన్నా షిఫ్టే ముఖ్యం. ఇంటాయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే ఇంట్లో చప్పుడు కాకూడదు. మిషను తొక్కడానికి లేదు. "క్రోషా సూదికి చప్పుడు లేదు వదినా, అందుకే అది పట్టుకున్న" అంటుంది మా మరదలు. అన్నం కుక్కరు ఒకవైపు, బడి నుంచి వచ్చే పిల్లలు ఒకవైపు. అరగంట అల్లడం, గంట ఆగడం. అల్లికలో ఒక్క గొలుసు లెక్క తప్పితే పది వరుసలు విప్పుకోవాల్సిందే.

ఆమె పుస్తకంలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేజీ ఉంది. పైన పని పేరు, ఎవరి కోసం, మొదలుపెట్టిన తేదీ. కింద గుడ్డ లేదా నూలు రకం, దారం నంబరు, ఎన్ని పోగులు, సూది నంబరు, ఏ ఏ కుట్లు. ఆకులకు కాడకుట్టు, అంచుకు కాజాకుట్టు, ఇట్లా. ముగ్గు దించుకున్న పల్చని కాగితాన్ని మడిచి, పాత కవరొకటి అతికించి అందులో పెడుతుంది. ఇవన్నీ ఎవరైనా రాస్తారు. నాకు నచ్చింది ఆ పేజీ అడుగున ఉన్న గడి. దానిపేరు "ఆపిన చోటు". చేతిలో పని కింద పెట్టేముందు ఒక్క ముక్క రాస్తుంది: "ముప్పై ఎనిమిదో వరుస, ఆకు కొస దగ్గర. తర్వాత అయిదు గొలుసులు." అంతే. వారం తర్వాత తీసినా సూది సరిగ్గా అక్కడే పడుతుంది.

మగవాళ్ళు ఒక పని పట్టుకుంటే అయ్యేదాకా కూర్చోవచ్చు. మనకు ఆ వీలు తక్కువ. మన పనికి మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. అలాంటప్పుడు, మన తలలో ఉండాల్సిన బరువును ఆ ఒక్క గడి మోస్తుంది. మీరు మిగతా భాగాలేవీ రాయకపోయినా సరే, ఈ ఒక్క గడి రాసిచూడండి. ఆగిపోయే పనులు సగానికి సగం తగ్గుతాయి.

తిరగేసి చూస్తే తెలిసే కుట్టు

మహబూబాబాద్ చుట్టుపక్కల లంబాడా తండాలు చాలా ఉన్నాయి. ఫేటియా, కాంచళి, టుక్రి అని వాళ్ళు వేసుకునే లంగా, రవిక, తలమీది ఓణీ చూసే ఉంటారు. ముతక నూలుగుడ్డ మీద అద్దాలు, గవ్వలు, పూసలు, రంగురంగుల దారాలు. ఆ పని ఏ పుస్తకంలో చూసీ నేర్చుకున్నది కాదు. తల్లి కుడుతుంటే పక్కన కూర్చుని పిల్ల నేర్చుకోవడమే.

నా స్నేహితురాలు బడిలో టీచరు. వాళ్ళ యాడి, అంటే అమ్మ, కుట్టిన పాత కాంచళి ఒకటి ఆమె దగ్గర ఉంది. యాడి ఉన్నన్నాళ్ళూ ఈమెకు చదువు, తర్వాత ఉద్యోగం. "రేపు నేర్చుకుంటలే" అని రోజులు దాటేసింది. యాడి పోయాక ఒకనాడు ఆ కాంచళి ముందేసుకుని కూర్చుంటే, అద్దం చుట్టూ ఉన్న కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతోందో అర్థం కాలేదు. చివరికి తిరగేసి వెనకవైపు నుంచి, దారం పోయిన దారినిబట్టి కొంత పట్టుకుంది. అంచు దగ్గరి అల్లిక మాత్రం పట్టుబడలేదు. విప్పి చూస్తే తెలుస్తుంది, విప్పితే యాడి చేతిపని పోతుంది. "ఎట్ల విప్పుతనే, నువ్వే చెప్పు" అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆనాటినుంచి ఆమె తండాలోని పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని నమూనాలు కుట్టించుకుంటోంది. దానికి ఆమె పెట్టుకున్న పద్ధతి మనందరికీ పనికొస్తుంది. అరచేతి వెడల్పు గుడ్డమీద ఒకే కుట్టును నాలుగు మెట్లలో కుట్టించాలి. మొదటిది సూది దించి ఎత్తిన దగ్గర ఆపినది, రెండోది సగం, మూడోది ముప్పాతిక, నాలుగోది పూర్తి. గుడ్డను పేజీకి నాలుగు పక్కలా జిగురుపెట్టి అతికించకూడదు. పైఅంచు మాత్రమే అతికించాలి, అప్పుడు వెనకవైపు తిప్పి చూడవచ్చు. కుట్టినామె చెప్పిన పేరు ఆమె నోట ఎట్లా పలికితే అట్లాగే రాయాలి. కర్ణాటకలోని సండూరు లంబాణీల కుట్లలో కిలన్, వేలే, బక్య, మాకి, నక్రా అని ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరుంది. ఆ సండూరు పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెట్టి, నమూనా చూపించి, ఇది మాది అని చెప్పగలిగితేనే కదా అలాంటి గుర్తింపు అడగగలిగేది! మీ తండాలో, మీ వాడలో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే మీరు రాయండి.

"మా అవ్వకు రాయరాదు" అంటారేమో. రాయవలసింది ఆమె కాదు. ఆమె కుడుతుంది, మనవరాలు రాస్తుంది. పుస్తకంతో పాటు ఆ ఇద్దరూ ఒక్కచోట కూర్చోవడం కూడా జరుగుతుంది. ఫోనులో ఫోటోలూ తీయండి, తప్పులేదు. కానీ ఫోటో వెనకవైపు చూపించదు, గుడ్డ మందం చెప్పదు. ఫోను పాడైతే అదీ ఉండదు.

ఇదేదో నేను కనిపెట్టిన వింత కాదు. ఇంగ్లండులో బార్బరా జాన్సన్ అని ఒక మతబోధకుడి కూతురు ఉండేది. ఎనిమిదేళ్ళ పిల్లగా 1746లో ఒక పాత లెక్కల పుస్తకంలో తన గౌనుల గుడ్డముక్కలు గుచ్చడం మొదలుపెట్టింది. గుడ్డ ఎంత కొన్నది, ఎంత పడింది, దేనికి కుట్టించింది అని పక్కన రాసింది. 1823 దాకా, అంటే ఎనభై అయిదేళ్ళ ముసలితనం వచ్చేదాకా, రాస్తూనే ఉంది. ఆ పుస్తకాన్ని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో దాచి ఉంచారు. ఆ కాలపు బట్టల ధరలూ రకాలూ తెలుసుకోవాలనుకునే పండితులు ఇప్పుడు ఆ ముక్కలనే చూస్తారు. ఆమె రాసుకున్నది తన ఇంటి లెక్క. చివరికి అది చరిత్ర అయింది.

గంటలు రాయండి

ఇక చివరి భాగం, లెక్క. మనం ఎక్కువగా తప్పించుకునేది ఇక్కడే. గుడ్డకు ఎంత, దారానికి ఎంత అని రాస్తాం. మన చేతికి ఎంత అని మాత్రం రాయం.

ఒక చేతిసంచీ కుట్టారనుకుందాం. గుడ్డకు 120 రూపాయలు, దారాలకు 90, అద్దాలకూ పూసలకూ 40. మొత్తం 250. సంచీ 600కు అమ్ముడుపోయింది. "మూడువందల యాభై మిగిలింది!" అని సంతోషిస్తాం. ఇప్పుడు పని పేజీలో గంటల గడి చూడండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు, రాత్రి ఒకటి, ఇట్లా కలిపితే ఇరవై ఎనిమిది గంటలు. మూడువందల యాభైని ఇరవై ఎనిమిదితో భాగిస్తే గంటకు పన్నెండున్నర రూపాయలు. గంటల గడి లేకపోతే ఈ అంకె ఎప్పటికీ మన కంటపడదు. కంటపడితే ఏం చేయాలో తోస్తుంది. ధర పెంచడమా, అద్దాలు తగ్గించి పని తేలిక చేయడమా, అసలు ఆ రకం మానెయ్యడమా అని ఆలోచిస్తాం.

మా మరదలు చేసే క్రోషా అల్లికకు పశ్చిమ గోదావరిలోని నరసాపురం పెట్టింది పేరు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడ లేసు అల్లిక నేర్పారు. అది విదేశాలకు ఎగుమతయ్యే వ్యాపారంగా పెరిగింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడి ఆడవాళ్ళ పని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చూపించిన సంగతి ఇది: ఇంటిచాకిరీ అంతా చేసుకుంటూ, దానిమీద రోజూ గంటల తరబడి లేసు అల్లే ఆ స్త్రీలను ఎవరూ పనివాళ్ళుగా లెక్కించలేదు. ఇంట్లో ఊరికే కూర్చునే ఆడవాళ్ళు తీరిక వేళ చేసుకునే పని అన్నారు. తీరిక వేళ పనికి కూలి ఎందుకు ఎక్కువ ఇవ్వాలి? పైగా ఒకరు ముక్కలు అల్లితే, ఇంకొకరు వాటిని కలిపేవారు. దాన్ని అతుకుపని అంటారు. పూర్తయిన సరుకు ఎంతకు అమ్ముడుపోతుందో అల్లినవాళ్ళకు తెలియదు. లాభం వర్తకులకు చేరింది.

అది ఆ జిల్లా సంగతే కాదు, మన అందరిదీ. "ఏం చేస్తవమ్మా?" అని ఎవరైనా అడిగితే, రోజుకు అయిదు గంటలు కుట్టే మనిషి కూడా "ఏం లేదు, ఇంట్లోనే ఉంట" అంటుంది. మన నోటితో మనమే మన పనిని కొట్టేస్తున్నాం. గంటలు రాసిన పుస్తకం ఎదురుగా ఉంటే ఆ మాట అంత సులువుగా రాదు.

మా ఎదురింటి వదిన సంగతి మళ్ళీ చెబుతాను. సర్కారు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇస్తున్నారు. 2024లో ఒక జత కుట్టుకూలిని 50 రూపాయల నుంచి 75కు పెంచారు. "పెంచిన్రు, మంచిదే. మరి నాకు గిట్టుతదా లేదా?" అని వదిన అడిగితే, పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. రోజుకు ఆరు జతలు కుట్టగలిగితే 450 రూపాయలు. దారం, సూదులు, కరెంటు కలిపి జతకు 8 రూపాయలు అనుకుంటే 48 పోతుంది, 402 మిగులుతుంది. పాత రేటయితే అదే చాకిరీకి 252 మిగిలేది. కత్తిరించడానికీ, గుండీలు కుట్టడానికీ, ఇస్త్రీకీ పట్టే వేళ కూడా కలిపితే రోజుకు ఆరు కావు, అయిదే అని తేలింది. అయిదైతే మిగిలేది 335. ఆమె ఈ లెక్కను సంఘం సమావేశానికి పట్టుకుపోయింది. మిగతావాళ్ళూ తమతమ అంకెలు చెప్పారు. కత్తిరింపు ఒకరు, కుట్టు ఇద్దరు, గుండీలు ఒకరు అని పని పంచుకుంటే ఎంత వేగం పెరుగుతుందో చూద్దాం అనుకున్నారు. అతుకుపనిలాగే పంచుకోవడమే, కానీ ఇక్కడ మొత్తం ధర అందరికీ తెలుసు. తేడా అంతా అక్కడే ఉంది.

కూలి పెంచమని అడగాలన్నా, ఒక పని ఒప్పుకోవాలన్నా, కాదనాలన్నా నోరు ఒక్కటే చాలదు, చేతిలో అంకె కావాలి.

ఎప్పుడు రాయాలి?

"ఇవన్నీ రాస్తూ కూర్చుంటే ఇక కుట్టేదెప్పుడు?" అని మీకు అనిపించి ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. అందుకే ఒక మాట. సామాను పేజీలు ఒక్క పూట పని, ఆపైన కొత్తది కొన్నప్పుడల్లా ఒక వరుస చేరిస్తే చాలు. పని పేజీ మొదలుపెట్టిన రోజు పది నిమిషాలు పడుతుంది. తర్వాత రోజూ రాయాల్సింది రెండే: ఆపిన చోటు, గంటలు. సూది గుచ్చిపెట్టడానికి ఎంతసేపో దీనికీ అంతసేపే. పెన్సిలును ఒక దారంతో పుస్తకానికే కట్టెయ్యండి. లేకపోతే పిల్లలు పట్టుకుపోతారు, మనం "తర్వాత రాద్దాం" అంటాం, ఆ తర్వాత రానే రాదు. నెలకోసారి, అమావాస్యో పున్నమో మీకు గుర్తుండే రోజు పెట్టుకుని, సగంలో ఉన్న పనులేవో ఒకసారి చూసుకోండి. పూర్తిచేయబోనిది అని తేలితే మొగమాటపడకుండా గుడ్డ విప్పి ఇంకోదానికి వాడుకోండి. అదీ ఆ పేజీలో రాయండి.

నా టేబుల్ క్లాత్ ఏమైందో చెప్పలేదు కదూ. మొన్న దసరా సెలవుల్లో పెట్టె అడుగునుంచి తీశాను. ఆ ఎరుపు దొరకదని తెలుసు. అందుకని నాలుగో మూలకు మోదుగుపువ్వు మానేసి, మోదుగాకులు కుట్టాను. మూడు ఆకులు, మూడు పచ్చలు. మూడు దారాల ముక్కలూ పుస్తకంలో అతికించి నంబర్లు రాశాను. అడుగున "ఆపిన చోటు" అనే గడిలో "అయిపోయింది" అని రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మీకు అంత ఆలస్యం కానక్కర లేదు. ఈ పూట పనంతా అయ్యాక ఒక నోటుబుక్కు తీసి, ఇప్పుడు మీ సూదిలో ఉన్న దారం వేలెడు ముక్క కత్తిరించి మొదటి పేజీలో అతికించండి. పక్కన ఈనాటి తేదీ వెయ్యండి. మిగతాది దానంతట అదే వస్తుంది.